జరగబోయేవాటికి వాక్యాలు

బెంగళూరు,
రోహిణి ఎండలు

వనజా,

నీ ఫోను మోగి మోగి ఆగిపోతోంది. ఎత్తకు, ఏం పర్వాలేదు. మీ ఆయన శశికుమార్ అన్న దినాలకు వచ్చినప్పుడు మీ పక్కింటి రామలక్ష్మమ్మ నా చెవిలో చెప్పింది: "ఫోనెత్తితే అవతలోల్లు ఏడుస్తారు, ఈ పిల్లకు ఏడుపు రాదు. అందుకే ఎత్తదు పాపా." అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరం ముందు ఎవరూ మొహం పెట్టక్కరలేదు కదా.

ఓదార్పు మాటలేమీ రాయను, భయపడకు. నీతో నాకు పని పడింది. నేను స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే చోట కొత్తగా అభ్యాసాల పుస్తకం వేస్తున్నారు. నా వాటాకు 'గోయింగ్ టు' వచ్చింది. మనం సోమందేపల్లె హైస్కూల్లో దాన్ని బట్టీ పట్టాం గానీ ఎందుకు వాడతారో ఏ సారూ చెప్పలేదు. రెండు చోట్ల వాడతారు. ఒకటి, ముందే అనుకుని పెట్టుకున్న పని. 'ఈ తలుపు మార్చాలనుకున్నాం' లాంటిది. రెండోది, కంటి ముందు గుర్తు కనబడుతుంటే ఇక జరుగుతుందని తెలిసిపోయేది. మన 'పడేటట్లుండాది', 'వచ్చేటట్లుండాది' అన్నమాట. అప్పటికప్పుడు నోటికొచ్చేదానికి మాత్రం 'విల్'. ఎవరో తలుపు కొట్టారు, 'ఉండు, నేను తీస్తా' అన్నావు, అది విల్.

మా పాత పుస్తకంలో మిస్టర్ బ్రౌన్ సముద్రం ఒడ్డుకు పోబోతుంటాడు. మిసెస్ బ్రౌన్ కేకు చేయబోతుంటుంది. నా క్లాసులో కూర్చునేదేమో తనకల్లు నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డులు, గోరంట్ల నుంచి వచ్చిన బ్యూటీ పార్లరు పిల్లలు. ఆ బ్రౌనమ్మ కేకు చేస్తే వీళ్ళకేం, మాడబెడితే వీళ్ళకేం?

నాకు నిజం వాక్యాలు కావాలి. మీ బెళుగుప్పలో మనుషులు నిజంగా అన్నవి. నువ్వేమీ అనక్కరలేదు. ఊరికే విని, రాసి పంపు. ఇంగ్లీషులోకి నేను మార్చుకుంటాను.

ఇక్కడ అంతా మామూలే. బడి తెరిస్తే నీ కూతురు ఆశ్రిత పోతుందా?

నీ
అనుపమ

*

బెళుగుప్ప,
ఆరుద్ర కార్తె

అనూ,

పోస్టుమ్యాన్ నీ ఉత్తరం ఇస్తుంటే మా ఆయన అన్న బయ్యన్న బావ అరుగు మీద ఉన్నాడు. "ఏ ఆఫీసు నుంచమ్మా?" అన్నాడు. ఇంగ్లీషు పాఠం అన్నాను. "ఇప్పుడా?" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే.

అడిగావు కాబట్టి విన్నాను. వినడం ఇప్పుడు సులువు. నేను వస్తే అందరూ గొంతు తగ్గిస్తారు, తగ్గించినా వినబడుతుంది.

రామలక్ష్మమ్మ అంది: "గొర్రె ఈనేటట్లుండాది, నేను యాడికీ రాను పో." బావ భార్య బయమ్మక్క మా నడిమి గోడ చూసి అంది: "ఇది పడేటట్లుండాది, పిల్లను ఈ పక్క ఆడుకోనియ్యద్దు." విత్తే గొర్రు తోలే తిప్పయ్య అన్నాడు: "మా ఎర్రెద్దు ఈ యేడు కాడి మోసేటట్లు లేదప్పా." ఈ 'లేదు'ని మీ ఇంగ్లీషులో ఎక్కడ పెడతారో నాకు తెలియదు.

నీ పుస్తకంలో వాన వాక్యం ఉంటుందేమో, మబ్బు బొమ్మ వేసి. అది తీసెయ్. ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. మబ్బు వైపు వేలు చూపిస్తే మా అత్త చెయ్యి మీద ఒకటి వేసేది, అది విని పక్క మండలానికి పోతుందని.

ముందే అనుకున్న రకం కూడా ఒకటి దొరికింది. నిన్న బావ మంచం మీద కూర్చుని చెప్పాడు: "ఏమ్మా వనజా, ఈ తూరి నీ చేను మేమే విత్తేద్దామనుకున్యాం. నువ్వేం పెట్టుకోవద్దు, ఇంటి పట్టున ఉండు." ఎప్పుడు అనుకున్నారో, ఎవరెవరు అనుకున్నారో చెప్పలేదు. నేను అడగలేదు. ఆయన నిజంగా జాలిపడే అన్నాడు, నీళ్ళు కూడా తిరిగాయి ఆయన కళ్ళల్లో.

కానీ ఇక్కడ ఒకసారి వేరే ఇంటి విత్తనం పడిన చేను తిరిగి రాదు. రామలక్ష్మమ్మ మొగుడు చనిపోయిన ఏడు వాళ్ళ చేను కూడా ఇట్లాగే ఒక్క తూరికని దాయాదులు విత్తారు. ఇప్పుడు ఆమె ఆ చేనికే కలుపుకు పోతుంది, కూలికి.

ఇదంతా తెలుసు నాకు. తెలిసినా ఏమీ అనిపించడం లేదు. అన్నం తింటే అన్నం అనిపించడం లేదు, అట్లాగే ఇది.

సుదర్శనన్న బాగున్నాడా?

వనజాక్షి

*

బెంగళూరు,
జూలై మొదట్లో

వనజా,

నీ వాక్యాలు క్లాసులో పెట్టాను. ఏం చెప్పమంటావు! ఎప్పుడూ గోడకు ఆనుకుని కునికే గార్డు ఒకడున్నాడు, గొర్రె వాక్యం వినగానే లేచి కూర్చున్నాడు. "ది షీప్ ఈజ్ గోయింగ్ టు గివ్ బర్త్, మేడమ్, ఐ యామ్ నాట్ గోయింగ్ ఎనీవేర్" అని తనే కలిపేశాడు. మిస్టర్ బ్రౌన్ ఉన్నన్నాళ్ళూ వాడు నోరు తెరవలేదు. పార్లరు పిల్ల ఒకతి తన సొంతంగా చెప్పింది, "మై ఓనర్ ఈజ్ గోయింగ్ టు షౌట్." ఎట్లా తెలుసమ్మా అంటే, "చెప్పులు విడిచే తీరు చూస్తే తెలుస్తాది మేడమ్" అంది. అదీ గుర్తు పట్టడమంటే!

తిప్పయ్య ఎద్దుకు 'లేదు'ని 'ఈజ్' తర్వాత పెట్టాలి. 'ఈజ్ నాట్ గోయింగ్ టు'. ఎద్దు మాత్రం ఎక్కడ పెట్టినా మోయదు, పాపం.

ఇప్పుడు తిట్టే పని. నీ చేను వాళ్ళెవరే విత్తడానికి? బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయని నీ చేను ఇచ్చేస్తావా? నీ చేను నువ్వు విత్తు. తిప్పయ్య ఉన్నాడు, విత్తనాలు ఇంట్లో ఉంటాయి. ఏమిటి అడ్డం?

ఇంకో మాట. నువ్వు పంపినవాటిలో గొర్రె ఉంది, గోడ ఉంది, ఎద్దు ఉంది, బావ ఉన్నాడు. ఒక్కదాంట్లోనూ నువ్వు లేవు. ఈసారి నీది ఒకటి రాయి. చిన్నదైనా సరే, తల దువ్వుకోవాలనుకున్నాను అని అయినా సరే.

అనుపమ

*

బెళుగుప్ప,
పునర్వసు కార్తె

అనూ,

నాది రాయడానికి కూర్చున్నాను. రాలేదు. 'నేను' అని రాసి కాగితం చూస్తూ ఉండిపోయాను, ఆశ్రిత వచ్చి ఆకలి అంది, లేచాను.

ఆయన చేలో బోరు మోటారు స్టార్టరు పెట్టె దగ్గర పడిపోయాడని తిప్పయ్య పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పినప్పుడు నేను దోసె పోస్తున్నాను. ఆ దోసె తిప్పి, పొయ్యి ఆర్పి, అప్పుడు వెళ్ళాను. ఎందుకు తిప్పానో నాకు తెలియదు. కరెంటు కొట్టినవాడి దగ్గరికి భార్య దోసె తిప్పి పోయిందని ఊరంతా చెప్పుకుంటున్నారు. వాళ్ళను ఏమీ అనలేను. నిజమే కదా. అప్పటి నుంచి ఇంతే ఉన్నాను. ఆ దోసె తిప్పినప్పుడు ఎట్లా ఉన్నానో అట్లాగే.

అడ్డం ఏమిటని అడిగావు. సోమందేపల్లె అంగట్లో పుట్టినదానివి, నీకు తెలియదు. మా ఇంట్లో చెనక్కాయ విత్తే రోజు గొర్రుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, మొదటి పిడికిలి ముత్తైదువ చేత వేయిస్తారు. ఆ తర్వాతే కూలివాళ్ళు ఒడిలో విత్తనాలు పోసుకుంటారు. ఇన్నేళ్ళూ రెండు చేలకూ బయమ్మక్కే వేసేది. ఈసారి నాకు వేయమని అడిగాను. గిన్నె కడుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది: "మీ బావ విత్తితే యేస్తా. నువ్వు విత్తితే నేనెట్ల యేసేది?" రామలక్ష్మమ్మ నాలాంటిదే. తిప్పయ్యను ఊరికే విత్తుదామా అంటే చేతులు జోడించాడు: "నీకు దండం పెడతా వనజమ్మా. మొలక రాకపోతే నా గొర్రును ఊర్లో ఎవురూ పిలవరు."

నువ్వు వస్తావా? నువ్వు ముత్తైదువవి, నా స్నేహితురాలివి, నిన్ను ఎవరూ కాదనరు. వాన పడితే ఒక మెసేజి పెడతాను. బోరు నీళ్ళు చేనికి చాలవు, విత్తే తడి పదును రెండు మూడు రోజులకంటే ఉండదు ఈ ఎర్రనేలలో. వచ్చి పిడికెడు వేసి పో. మీ ఆయన సుదర్శనన్నకు నేను అడిగానని చెప్పు, ఆయన కాదనడు.

మనసులో ఏమీ లేకపోయినా ఇది మాత్రం అడగాలని అనిపించింది. అడిగాను.

వనజాక్షి

*

బెంగళూరు,
జూలై

వనజా,

వస్తాను. ఇది విల్ కాదు, గోయింగ్ టు. అంటే అనుకుని, తీర్మానించి చెబుతున్న మాట. నీ మెసేజి రాగానే బస్సెక్కుతాను. ఆకుపచ్చ నేతచీర ఉంది, అది కట్టుకుంటాను, మీ బయమ్మక్క కుళ్ళుకోవాలి. పిడికెడు చాలా, గంపెడు వేయనా?

తిప్పయ్యను ఎద్దులకు బాగా మేత వేయమను.

అనుపమ

*

బెళుగుప్ప,
ఆశ్లేష కార్తె

అనూ,

వాన పడింది. మంచి వాన. మెసేజి పెట్టాను, నువ్వు చూసినట్టు ఫోన్లో గుర్తు పడింది.

మర్నాడు తిప్పయ్య పొద్దున్నే గొర్రు తెచ్చి చేని గట్టున పెట్టాడు. నేను పసుపు, కుంకుమ, టెంకాయ, విత్తనాలు పెట్టుకుని కూర్చున్నాను. కళ్యాణదుర్గం నుంచి వచ్చే బస్సు ఆగినప్పుడల్లా ఆశ్రిత రోడ్డు దాకా పోయి చూసి వచ్చింది. ఆ మర్నాడూ కూర్చున్నాను. బావ చేను ఆ పక్కనే విత్తారు. అక్క మొదటి పిడికిలి వేసింది. అందరూ వేరేవైపు చూస్తూ నా ముందు నుంచి పోయారు.

తరువాత గాలి తిరిగింది. తిప్పయ్య మట్టి తీసి పిసికి చూశాడు, ముద్ద కాలేదు. "పదును పాయెనమ్మా" అని గొర్రు భుజాన వేసుకుని పోయాడు.

టెంకాయ పచ్చడి చేశాను.

నీకేమైనా అయిందేమో, ఒంట్లో బాగాలేదేమో. ఉంటే రాయి. సుదర్శనన్న బాగున్నాడా?

వనజాక్షి

*

బెంగళూరు,
ఆగస్టు

వనజా,

నాకు ఒంట్లో ఏమీ కాలేదు. ఏదైనా జబ్బు చెప్పి తప్పించుకుందామని కూర్చున్నాను, చెప్పలేకపోయాను.

సుదర్శన్ ఎట్లా ఉన్నాడో నాకు తెలియదు. మాకు విడాకులై ఏడాది దాటింది. అతను వేరే ఊళ్ళో ఉన్నాడు. కొట్టలేదు, తాగలేదు, ఇంకొకతి లేదు. ఒకరోజు అన్నం తింటూ, "ఇట్లా ఉండటం నాకు కావడం లేదు అనుపమా" అన్నాడు. నేను పెరుగు వేస్తున్నాను. వేశాను. నీ దోసె సంగతి చదివినప్పుడు ఉత్తరం మధ్యలోనే మూసేశాను, అందుకే.

సోమందేపల్లెలో ఎవరికీ తెలియదు. నాయన అంగట్లో పది మంది కూర్చుంటారు, ఆయన తల దించుకోవాల్సి వస్తుందని అమ్మ భయం. "ఈ ఊర్లో ఉన్నంతసేపన్నా మెళ్ళో ఏసుకోమ్మా, మీ నాయన మొగం చూసి" అంటుంది. ఆంధ్రా సరిహద్దులో కొడికొండ చెక్‌పోస్టు దాటాక బస్సులోనే తాళి వేసుకుంటాను, మట్టెలు పెట్టుకుంటాను. తిరుగు బస్సులో తీసి పర్సులో పడేస్తాను. శశికుమార్ అన్న దినాల్లో నీ పక్కన కూర్చున్నప్పుడు నా మెళ్ళో ఉన్నది అదే.

నీ మెసేజి చూసి బయలుదేరాను. ఆకుపచ్చ చీర కట్టాను, అన్నీ వేసుకున్నాను. అనంతపురం బస్టాండు దాకా వచ్చాను. కళ్యాణదుర్గం బస్సు వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. ఆ పిడికెడు నేను వేసేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నీకు కూడా. కానీ నా చెయ్యి పడి నీ చెనక్కాయ మొలవకపోతే? క్లాసులో ఇవన్నీ మూఢనమ్మకాలని చెప్పేదాన్ని నేనే. నమ్మను వనజా, ఒట్టు. నమ్మకపోయినా నీ చేను మీద పెట్టి చూడలేకపోయాను. నిజం చెప్పడానికి ధైర్యం లేదు, అబద్ధపు పిడికిలి వేయడానికీ ధైర్యం లేదు. ఫోను పర్సులో అడుగున పెట్టి బెంగళూరు బస్సెక్కాను.

రాకుండా నీ పదును పోగొట్టాను. చేను పోతే నా వల్లే పోతుంది. ఏం రాయాలో తెలియడం లేదు.

అనుపమ

*

బెళుగుప్ప,
పుబ్బ కార్తె

అనూ,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. బియ్యం చెరుగుతూ చదివాను, చాట ఎత్తి నడిమి గోడకేసి కొట్టాను. బియ్యమంతా చిందింది. నోటికొచ్చినట్టు తిట్టాను నిన్ను, పేరు పెట్టి, గట్టిగా. రామలక్ష్మమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. నన్ను చూసి, నేల మీద బియ్యం చూసి, "అమ్మయ్య! ఇది బతికేటట్లుండాదే" అంది. నీ పుస్తకంలో వేసుకో.

నువ్వు రానందుకు కాదు కోపం. ప్రతి ఉత్తరంలోనూ సుదర్శనన్న బాగున్నాడా అని వెర్రిదానిలా అడిగాను. అడిగిన ప్రతిసారీ నువ్వు మిస్టర్ బ్రౌన్ కథ చెప్పావు. మొగుడు పోయినదాని దగ్గర దాచాల్సిన సంగతా అది? నా దగ్గర కాకపోతే ఎవరి దగ్గర చెప్పుకుంటావే? ఒక్కదానివే ఆ ఊళ్ళో ఏడాదిగా ఏం తిన్నావో, ఎట్లా పడుకున్నావో. ఇది రాస్తుంటే మళ్ళీ కోపం వస్తోంది.

చేను సంగతి చెబుతాను. మొన్న మళ్ళీ వాన పడింది. చెనక్కాయకు కాలం దాటిపోయింది, ఇప్పుడు వేసినా ఊడలు దిగవు, కాయ పట్టదు. తెల్లారగానే బావ వచ్చాడు. "ఇంగ ఏమేస్తావులేమ్మా, బీడు పడిపోతాది. నేను దున్నించి పెడతా, వచ్చే యేడుకు పనికొస్తాది" అన్నాడు. నేను "ఉలవలేస్తా బావా" అన్నాను. ముందు అనుకున్నది కాదు. ఆయన ముందు నిలబడి ఉంటే నోట్లోంచి వచ్చింది. వచ్చాక నాకే ఆశ్చర్యమైంది.

"ఉలవలా?" అన్నాడు. అని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. కాదనడానికి వీల్లేదు. ఉలవలకు ఇక్కడ ఎవరూ పూజ చేయరు. పసుపు లేదు, టెంకాయ లేదు, మొదటి పిడికిలి లేదు. ఏ పంటా వేయని చేనికి చివర్లో చల్లేవి, ఎవరి చేత్తో వేశారని ఎవరూ అడగరు. అత్త కాలం నుంచీ అంతే. ఇన్నాళ్ళూ చెనక్కాయ, చెనక్కాయ అని కూర్చున్నాను గానీ నాకు ఇది తట్టనే లేదు. తిప్పయ్య ఇంటికి పోయి అడిగాను. "ఉలవలకేముండాది తల్లీ, పద" అని అప్పుడే కాడి కట్టాడు.

కూలివాళ్ళను పిలవలేదు. విత్తనాలు నా ఒడిలోనే పోసుకున్నాను. గొర్రు వెనక నడిచాను. తడిమట్టి కాళ్ళకు అంటుకుంది. చల్లగా ఉంది. చల్లగా ఉందని తెలిసింది, అనూ. అక్కడ ఏడుపు వచ్చింది. స్టార్టరు పెట్టె చూసి కాదు, ఆయన తలపుకొచ్చీ కాదు, కాళ్ళు చల్లగా ఉన్నాయని. గొంతెత్తి ఏడ్చాను. విత్తనాలు వేస్తూనే ఏడ్చాను, ఆపితే సాలు తప్పుతుంది. తిప్పయ్య వెనక్కి తిరగలేదు, ఎద్దుల్ని కొంచెం మెల్లగా తోలాడు. అవతల చేలో బయమ్మక్క కలుపు తీయడం ఆపి నిలబడి చూసింది. చేను మొత్తం విత్తాము. బావ సాయంత్రం గట్టు దాకా వచ్చి, చూసి పోయాడు. ఈ ఏడు చేను నాది.

చలికాలంలో ఉలవలు పీకుతాం. అప్పుడు రా. కొడికొండ దాటినా ఏమీ వేసుకోవద్దు, ఒట్టి మెడతో రా. బస్టాండు నుంచి మా ఇంటిదాకా వీధి పొడుగునా చూస్తారు, అడుగుతారు. బావ అడుగుతాడు, అక్క తప్పకుండా అడుగుతుంది. నువ్వేమీ చెప్పొద్దు. నేను బస్సు దగ్గరికి వస్తాను. అడిగినవాళ్ళందరికీ నేను చెబుతాను.

వనజ